గోడకు కట్టేసిన గొంతు

ల్యాప్‌టాప్ మీద టీ ఒలికితే ఏం చెయ్యాలో ఈ రోజుల్లో చంటిపిల్లల్ని లేపి అడిగినా చెబుతారు. ముందు ఛార్జర్ పీకాలి, వెంటనే ఆపెయ్యాలి, మూత తెరిచి బోర్లించాలి, ఆ తర్వాత తీరిగ్గా ఎవరి మీద అరవాలో వాళ్ళ మీద అరవాలి. పిచ్చుకకు ఇదంతా తెలుసు. తెలిసి కూడా ఆ ఆదివారం పొద్దున, తన మోచెయ్యి తగిలి గ్లాసు ఒరిగిపోయి, చిక్కటి టీ మీటల సందుల్లోకి పారిపోతుంటే, చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకంటే తండ్రి మాట్లాడుతున్నాడు.

పిచ్చుక అంటే పిట్టంత మనిషేమీ కాదు. నలభై దాటింది, ఒళ్ళూ చేసింది. చిన్నప్పుడు నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదని తండ్రి పెట్టిన పేరు, అలాగే ఉండిపోయింది. పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేస్తుంది. రోజంతా జనం చేత నోళ్ళు తెరిపించి, దీపం పట్టుకుని నిలబడి, వాళ్ళు జవాబు చెప్పలేని సమయం చూసి యోగక్షేమాలు అడగడం ఆ ఉద్యోగం.

తండ్రి కోర్టులో టైపిస్టు. ఏళ్ళ తరబడి సాక్షులు చెప్పిందీ, జడ్జీలు చెప్పిందీ టకటకా కొట్టి పడేసి రిటైరయ్యాడు. ఇంట్లో కూర ఉప్పు దగ్గర్నుంచి పక్కింటివాళ్ళ తగవు దాకా అన్నిటికీ తీర్పులు చెప్పేవాడు కాబట్టి చుట్టాలందరూ ఆయన్ని జడ్జిగారనే పిలిచేవారు. అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నారు, తీసేశారు. మెడ దగ్గర ఊపిరికి చిన్న రంధ్రం మిగిలింది. మాట పోయింది.

పోయిందనుకున్నది ల్యాప్‌టాప్‌తో తిరిగొచ్చింది. ఆయన టైపు చేసి ఒక మీట నొక్కితే, లోపల్నుంచి ఒక కుర్రాడి గొంతు దాన్ని గడగడా చదివేస్తుంది. ఆ గొంతుకి కోపమూ రాదు, నవ్వూ రాదు, ఎక్కడ ఆగాలో అసలే తెలియదు. అయినా జడ్జిగారికి లోకం మళ్ళీ దొరికింది. బ్యాగు పట్టీ ఒకటి కుట్టించుకుని దాన్ని మెడకు తగిలించుకుని, పొట్ట ముందు బల్లలా పెట్టుకుని, కూరగాయల దుకాణం దాకా నడుచుకుంటూ వెళ్ళి బేరాలాడి వచ్చేవాడు. ఫోనులో ఎందుకు టైపు చెయ్యవని అందరూ అడిగేవారు. పది వేళ్ళతో బతికిన మనిషిని ఒక బొటనవేలితో బతకమంటే ఎలా? పైగా ఫోను తనకు తోచిన మాట పెట్టేస్తుంది. ఒకసారి డాక్టరు గారికి నమస్కారం చెప్పబోతే అది నష్టపరిహారం అడిగింది. ఆ రోజుతో ఫోనుని సొరుగులో పడేశాడు.

ఇక ఆ ఇంట్లో ఒక నియమం ఉండేది. టీ ఒలకడానికి కొన్ని వారాల ముందు తండ్రీకూతుళ్ళకు ఏదో మాటా మాటా పెరిగింది. ఆయన టైపు చేస్తున్నాడు, చేస్తున్నాడు, చేస్తూనే ఉన్నాడు. విసుగెత్తి పిచ్చుక వచ్చి ల్యాప్‌టాప్ మూత టప్పున మూసేసింది. ఆయన వేళ్ళు మధ్యలో ఉన్నాయి. దెబ్బ పెద్దదేమీ కాదు కానీ, ఆ రోజంతా ఆయన ఆ మూత తెరవలేదు. మర్నాడు తెరిచి ఒకే ఒక్క మాట వినిపించాడు. "నా నోటి మీద చెయ్యి వేసి మూశావు."

పిచ్చుక కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ దాన్ని ముట్టుకోను నాన్నా అని ఒట్టు పెట్టింది. పెట్టిన ఒట్టు నిలబెట్టుకుంది కూడా. అదే ఆమె చేసిన పొరపాటు.

ఆ ఆదివారం వాదన పళ్ళసెట్టు మీద. ఆయన పాత సెట్టు వదులైపోయింది, కొత్తది చేయిద్దామని ఆమె, వద్దని ఆయన. కోర్టు అలవాటు పోలేదు కదా, వాక్యం మొదలుపెడితే తాడులా సాగుతుంది. మీటల వంక చూడడు. తలెత్తి ఎదుటివాళ్ళ ముఖంలోకి చూస్తూ కొడతాడు, అదొక గొప్ప ఆయనకు. వేళ్ళకు తడి తగిలే ఉంటుంది. కోర్టు పైకప్పు కారుతుంటే గొడుగు కింద కూర్చుని వాంగ్మూలం పూర్తి చేసిన మనిషి, తడికి ఆగుతాడా. ఆమె "నాన్నా, టీ" అంది. ఆయన ఆగమన్నట్టు గడ్డం ఎత్తాడు. ఆమె ఆగింది. ఆయన కొట్టడం పూర్తిచేసి మీట నొక్కాడు. కుర్రాడి గొంతు, టీలో మునిగి కూడా తొణక్కుండా చదివింది. "పైన చెప్పిన కారణాల వల్లనూ నేను ఇప్పుడు తినే తిండికి కొత్త పళ్ళు అవసరం లేనందువల్లనూ నా పాత సెట్టుకు నాతో చాలాకాలంగా పరిచయం ఉన్నందువల్లనూ ఆ కొత్త సెట్టు నేను పెట్టుకోను."

అప్పుడు ఆపింది. అప్పుడు పీకింది, బోర్లించింది, తుడిచింది. ఛార్జరు దూర్చే కంత లోంచి గోధుమరంగు చుక్కలు బల్ల మీద పడ్డాయి. ఇప్పటికీ ఆమెకు ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా వచ్చు. పళ్ళసెట్టు గురించిన ముక్క కోసం ఆగాను కదా అని, క్లినిక్‌లో ఎవరి పళ్ళసెట్టు చేతిలోకి తీసుకున్నా గుండెలో కలుక్కుమంటుంది.

బాగా ఆరనివ్వాలి, తొందరపడకూడదు. అదీ తెలుసు. కానీ తండ్రి కుర్చీలో కూర్చుని ఖాళీ బల్ల మీద వేళ్ళు ఆడిస్తుంటే చూడలేక మర్నాడే ఆన్ చేసింది. వెలిగింది! మీటలన్నీ పనిచేశాయి. "తీర్పు మారలేదు," అని పలికింది ల్యాప్‌టాప్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆయనకు నవ్వు శబ్దం రాదు, భుజాలు ఊగుతాయి.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఛార్జింగ్ నిండుగా చూపిస్తూనే ఠక్కున ఆరిపోవడం మొదలైంది. కూరగాయలవాడి ముందు వంకాయ అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేది. ఛార్జరు దీపం ఒకసారి వెలిగి, ఒకసారి ఆరి, తనిష్టం వచ్చినట్టు ఆడేది. తర్వాత ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోవడం మానేసింది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేచేది. అడుగున పొట్ట ఉబ్బింది.

రిపేరు షాపులో ఒక మధ్యవయసావిడ ఉంది. మరలు విప్పి మూత తియ్యగానే పాత టీ వాసన గుప్పుమంది. బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. ఆవిడ ఊపిరి బిగబట్టి దాన్ని మెల్లగా బయటికి తీసి, మూలనున్న ఇసుక బకెట్లో పెట్టేసి వచ్చింది.

"ఇంకొన్నాళ్ళు వాడి ఉంటే అంటుకునేది. అదృష్టవంతులు," అంది. "చక్కెర టీనా?"

"ఆయనకి చక్కెర ఎక్కువుండాలి."

"చక్కెరే అంటుకుపోయింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, బ్యాటరీ తగులుకునే చోటే తినేసింది. ఒలకగానే ఆపలేదా మీరు?"

"ఆపాను. కొంచెం ఆగి."

"ఎంత ఆగి?"

పిచ్చుక తల వంచుకుంది. "ఒక వాక్యం ఆగి," అంది.

ఆవిడకు అర్థం కాలేదు, అడగనూ లేదు. ఇది పాత మోడల్ అనీ, సరైన బ్యాటరీ వేరే ఊరి నుంచి రావాలనీ, వచ్చేదాకా బ్యాటరీ లేకుండా గోడ కరెంటు మీదే నడుపుకోమనీ చెప్పి, లోపలంతా శుభ్రం చేసి ఇచ్చింది.

అలా జడ్జిగారి గొంతు గోడకు కట్టేసినట్టయింది. ప్లగ్గు ఎక్కడుంటే మాట అక్కడ. తీగ ఎంతుంటే స్వేచ్ఛ అంత. వంటింట్లోంచి ఏమైనా అడిగితే జవాబు కోసం ముందు గదిలోకి రావాలి. ఎవరి కాలికైనా తీగ తగిలి ఊడిందంటే మాట సగంలో తెగిపోయేది. బజారుకి వెళ్ళడం మానేశాడు. మూగవాడిలా చెయ్యి చూపించి కూరలు కొనడం ఆయనకు నామోషీ. ఏమీ అనేవాడు కాదు, అదే ఆమెకు ఎక్కువ బాధ. తిట్టినా బాగుండేది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం బావ ఫోను చేశాడు. బావంటే మేనత్త కొడుకు. అత్తని ఆసుపత్రిలో చేర్చారట, గుండె బలహీనంగా ఉందట, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. "మామయ్యని తీసుకుని వీలైనంత తొందరగా రా," అన్నాడు. అత్తకు చక్కెర వ్యాధితో చూపు ఎప్పుడో పోయింది. తమ్ముడితో ఆవిడ పలకరింపంతా పిచ్చుక ఫోనులోనే, ఆ కుర్రాడి గొంతుతోనే. "ఒరేయ్, ముందు ఆ పక్కింటి అబ్బాయిని పంపించెయ్యి, మనిద్దరం మాట్లాడుకుందాం," అని వేళాకోళం ఆడేది.

పిచ్చుక విషయం చెప్పగానే తండ్రి కుర్చీ దగ్గరికి జరుపుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఈసారి కోర్టు వాక్యాలు కావు. పొట్టి పొట్టివి. ఒక్కొక్కటీ చదివించి, ఆగి, ఇంకోటి.

విషయం ఇది. ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరి అద్దె గదిలో ఉన్నప్పుడు పెద్ద జ్వరం పట్టుకుంది. లేవలేని స్థితిలో పక్క షాపు నుంచి అక్కగారి భర్తకు ఫోను చేయించి, అక్కని నాలుగు రోజులు పంపమని వేడుకున్నాడు. ఆయన సరేనన్నాడు, పంపాడు. అక్క మంచం పట్టిన అత్తగారిని పొరుగావిడకు అప్పజెప్పి తమ్ముడికి సేవ చెయ్యడానికి వచ్చింది. ఆ రోజుల్లోనే ముసలావిడ ఒంటరిగా లేవబోయి పడింది. తుంటి విరిగింది, మళ్ళీ లేవలేదు. పోయింది. కర్మ అయ్యాక ఆ భర్త అన్నదమ్ములంతా కూర్చుని, ముసలిదాన్ని వదిలేసి ఎవరికీ చెప్పకుండా పోయిందని అక్కని నిలబెట్టి అడిగారు. భర్త తన అన్నల ముఖం చూసి, నాకేం తెలియదన్నాడు. తమ్ముడు అక్కడే ఉన్నాడు. అక్క అతని వైపు చూసింది. కోర్టులో ఆ ఉద్యోగం వేయించింది ఆ బావగారే.

"నేను నోరు విప్పలేదు," అని చదివింది ల్యాప్‌టాప్. "అప్పుడు నాకు నోరుంది."

అత్త ఈ మాట ఎన్నడూ ఎత్తలేదే అంది పిచ్చుక.

"ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఫోనులో చెబుదామంటే ఎప్పుడూ స్పీకరు పెడతారు, చుట్టూ జనం. ఎదురుగా కూర్చుని చెప్పాలి. కాగితం మీద రాసిస్తే అక్క చదవలేదు."

"నేను చదివి వినిపిస్తాను కదా నాన్నా. లేకపోతే ఇక్కడే టైపు చేసి ఉంచుకో, అక్కడ మీట నొక్కితే చాలు."

"రాసుకెళ్ళి వినిపిస్తే వాంగ్మూలం అవుతుంది. జన్మంతా అవే కొట్టాను. ఇది మాట్లాడాలి. నువ్వు చెప్పకూడదు. ఆ రోజు నా బదులు ఇంకెవరైనా చెబుతారేమోననే కూర్చున్నాను. ఈసారి నేనే చెప్పాలి. నువ్వు మధ్యలో రానని మాటివ్వు."

ఇచ్చింది. ఇప్పటికి ఆమె ఆయనకు ఇచ్చిన మాటలు రెండయ్యాయి, ఒకటి చెయ్యి పెట్టననీ, ఇంకోటి నోరు విప్పననీ.

అసలు బ్యాటరీ ఇంకా రాలేదు. రిపేరావిడ కాళ్ళావేళ్ళా పడితే, ఎవరిదో పాడైన ల్యాప్‌టాప్ లోంచి తీసిన పాత బ్యాటరీ ఒకటి బిగించింది. "ఇది ముసలిది. ఎంతసేపు వస్తుందో నేను చెప్పలేను. తెర మీద అంకె కనిపిస్తుంది చూడండి, దాన్ని మాత్రం నమ్మకండి. చెప్పాల్సింది ముందే చెప్పేసుకోండి," అంది. పిచ్చుక ఆ ముక్క తండ్రికి దారి పొడుగునా చెబుతూనే ఉంది. ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి చేరారు. అత్తని ఉంచిన వార్డులోకి ఫోన్లు తీసుకెళ్ళకూడదు. తలుపు దగ్గర నర్సు ఒక బుట్ట పెట్టుకుని అందరి ఫోన్లూ అందులో వేయిస్తోంది. ల్యాప్‌టాప్ చూసి ససేమిరా అంది. "అది మిషన్ కాదు సిస్టర్, ఆయన నోరు," అని పిచ్చుక తండ్రి మెడ దగ్గర గుడ్డ తొలగించి చూపించింది. నర్సు మెత్తబడింది. "సరే. కానీ ప్లగ్గు పెట్టకూడదు. అక్కడ సాకెట్లన్నీ పేషెంట్లవి," అంది.

అత్త మంచం మీద చిన్న పిల్లంత అయిపోయింది. ముక్కులో గొట్టాలు, పక్కన మానిటర్. తమ్ముడి చెయ్యి తగలగానే గుర్తుపట్టింది. వేళ్ళ చివర్లు తడిమి, "ఇంకా కాయలు పోలేదేంట్రా నీ వేళ్ళకి," అంది. "పిచ్చుకా, నువ్వూ వచ్చావటే. ఏదీ, ఆ పక్కింటి అబ్బాయిని కూడా తెచ్చారా?"

ఆయన స్టూలు మీద కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని తెరిచాడు. తెర మీద ఛార్జింగ్ సగానికి పైగానే ఉంది. నమ్మొద్దన్న అంకె కదా, పిచ్చుక దాని మీంచి కళ్ళు తిప్పుకోలేదు.

"తెచ్చాను అక్కా. నీకు పెళ్ళిసంబంధం చూస్తున్నామని చెబితే వచ్చాడు," అంది కుర్రాడి గొంతు.

అత్త నవ్వి దగ్గింది. తిన్నావా అంది. తిన్నాను అన్నాడు. మోకాళ్ళెలా ఉన్నాయి అంది. నాకంటే ముందే రిటైరయ్యాయి అన్నాడు. పళ్ళసెట్టు కథ కూడా చెప్పాడు. పిచ్చుకకు అరికాళ్ళు మండిపోతున్నాయి. అసలు మాట చెప్పు నాన్నా, అసలు మాట చెప్పు అని లోపల్లోపల గింజుకుంటోంది. కానీ ఆయన మాట్లాడుతుంటే ముట్టుకోకూడదు, మధ్యలో రాకూడదు. అన్నేళ్ళు దాచిన మాటకి ఒక్కసారిగా ఎలా వస్తాడు పాపం, ఏదో ఒక గుమ్మం వెతుక్కోవాలి. ఆ గుమ్మం వెతుక్కోవడంలోనే ఛార్జింగ్ కాస్తా కరిగిపోతోంది.

చివరికి ఆయన వేళ్ళు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలాయి. ఈసారి మెల్లగా కొట్టాడు. మీట నొక్కాడు.

"అక్కా. ఆ రోజు మీ ఇంట్లో అందరి ముందు నేను"

తెర నల్లబడింది.

ఆయన మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఆన్ చేసే బటన్ బొటనవేలితో గట్టిగా అదిమి పట్టాడు. ఏమీ లేదు. మానిటర్ మాత్రం తన మానాన తాను టిక్కు టిక్కుమంటోంది.

"ఊఁ, చెప్పు," అంది అత్త.

ఆయన పక్కకు తిరిగి పిచ్చుక మణికట్టు పట్టుకున్నాడు. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి, పెదాలు కదులుతున్నాయి. ఆమెకు తానిచ్చిన మాట గుర్తుంది. తలూపింది. నేను రానులే నాన్నా, అన్నట్టు తలూపింది.

"ఆగిపోయావేంట్రా?" అంది అత్త. ఆవిడకు తెర కనబడదు, నల్లబడిందని తెలియదు. "మళ్ళీ మూతి బిగించావా? ఆ రోజూ ఇలాగే చేశావు."

"అత్తా, అది..." అంది పిచ్చుక. మణికట్టు మీద పట్టు ఇంకా బిగిసింది. ఆమె ఆగిపోయింది.

"నువ్వుండవే. వాడికీ నాకూ మధ్య మాట ఇది." అత్త గాలి అందక ఒకటి రెండుసార్లు ఎగపీల్చింది. "ఒరేయ్, నువ్వా రోజు నా తరఫున మాట్లాడలేదని నేను మనసులో పెట్టుకున్నాన్రా. నీ పెళ్ళికి రాకపోవడం నాకు జ్వరమొచ్చి కాదు. కోపమొచ్చి. అదొక్కటే అయితే పర్లేదు. నీ గొంతు తీసేశారని మావాడు ఫోనులో చెప్పినప్పుడు... తగిన శాస్తి జరిగిందనుకున్నానురా నేను. ఒక్క నిమిషమే. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టదు. తోడబుట్టినవాడి గురించి అలా అనుకున్న నోరు ఇది. నన్ను క్షమించరా."

ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. స్టూలు కిర్రుమనేంత గట్టిగా ఊపుతున్నాడు. చూపులేని మనిషికి తల ఊపితే ఏం తెలుస్తుంది? వంగి ఆవిడ చెయ్యి తన ముఖానికి ఆనించుకున్నాడు. మెడ రంధ్రంలోంచి గాలి మాత్రం వచ్చింది.

"క్షమించానని ఒక్క మాట అనవేంట్రా," అంది అత్త. కాసేపు చూసింది, అంటే ముఖం అటే ఉంచింది. తర్వాత చెయ్యి వెనక్కి తీసుకుంది. "సరేలే. నీ ఇష్టం."

నర్సు వచ్చి టైమైపోయిందంది.

వరండాలో మంచినీళ్ళ మిషన్ పక్కన ఒక సాకెట్ దొరికింది. జడ్జిగారు నేల మీదే చతికిలబడి, ప్లగ్గు దూర్చాడు. తెర వెలిగింది. ఆయన కొట్టాడు.

"నువ్వెందుకు చెప్పలేదు."

ఆ కుర్రాడి గొంతుకి కోపం రాదని చెప్పాను కదా. ఆ ప్రశ్న కూడా పళ్ళసెట్టు సంగతి చెప్పినంత మామూలుగానే చదివింది.

"చెప్పొద్దన్నావు కదా నాన్నా. మాట తీసుకున్నావు. చెప్పబోతే చెయ్యి కూడా గట్టిగా పట్టుకున్నావు."

ఎవరో వచ్చి నీళ్ళు పట్టుకుని వెళ్ళారు.

"చెప్పమని పట్టుకున్నాను," అంది ల్యాప్‌టాప్.

పిచ్చుక పరుగెత్తింది. తలుపు దగ్గర నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. రెండే మాటలు చెప్పి వచ్చేస్తానని బతిమాలింది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడకి ఆయాసం ఎక్కువైంది, డాక్టర్లు లోపలున్నారు, సాయంత్రం రండి అంది నర్సు. సాయంత్రానికి అత్త నోట్లో గొట్టం వేశారు. మందు ఇచ్చి పడుకోబెట్టారు. ఇంక పిలిచినా పలకదని ముందే చెప్పి మరీ లోపలికి పంపారు.

మంచానికి అటుపక్క బావ నిలబడి ఉన్నాడు. ఇటుపక్క స్టూలు మీద తండ్రి కూర్చున్నాడు, మూసిన ల్యాప్‌టాప్ ఒళ్ళో ఉంది. వరండాలో అంతసేపు ఛార్జింగ్ పెట్టినా ప్లగ్గు తియ్యగానే ఆరిపోయింది. ఆయన కూతురి వంక చూసి తల ఊపాడు. ఈసారి అపార్థం చేసుకోవడానికేమీ లేదు.

పిచ్చుక అత్త చెవి దగ్గరికి వంగింది. "అత్తా, నాన్న చెప్పమన్నాడు," అంది. "ఆ రోజు నిన్ను పంపమని మామయ్యకి ఫోను చేయించింది నాన్నే. మామయ్య సరేనన్నాడు. నువ్వు చెప్పకుండా రాలేదు. మీ అత్తగారిని నువ్వు వదిలెయ్యలేదు. అందరి ముందూ ఆ మాట చెప్పాల్సింది నాన్న, చెప్పలేదు. తప్పంతా నాన్నది. పొద్దున ఆగిపోయింది కోపంతో కాదత్తా. బ్యాటరీ పోయింది, అంతే. నాన్న నీ మీద అలగలేదు. నువ్వే క్షమించాలంటున్నాడు."

అత్త గుండె మీద దుప్పటి మిషన్ చెప్పినట్టు లేచి పడుతోంది. వేలైనా కదల్లేదు. కదిలిందేమోనని పిచ్చుక మళ్ళీ మళ్ళీ చూసింది.

"నానమ్మ సంగతేనా?" అన్నాడు బావ.

అతను అక్కడున్నాడన్న సంగతే ఆమె మరిచిపోయింది. ఔనంది.

"మా నాన్న పంపించాడా అమ్మని?"

ఔనంది మళ్ళీ.

బావ మంచం ఇనుప కడ్డీ పట్టుకున్నాడు. తన తండ్రి పోయి చాలాకాలమైంది, ఆయన్ని అడిగేందుకు లేదు. మేనమామ వంక చూశాడు. "అమ్మే వదిలేసి పోయిందని చిన్నప్పట్నుంచీ అందరూ చెప్పారు మామయ్యా. అమ్మ ఎప్పుడూ కాదనలేదు. నేనూ అదే నిజమనుకున్నాను," అన్నాడు. "కళ్ళు పూర్తిగా పోయాక, ఒకసారి నేను ఊరెళ్తుంటే, నన్నొక్కదాన్నే వదిలి వెళ్ళకురా, భయంగా ఉంది అంది. నువ్వు మా నానమ్మని వదిలి వెళ్ళలేదా అన్నాను."

జడ్జిగారు ల్యాప్‌టాప్ తెరిచాడు. బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"అత్త ఏమంది?" అంది పిచ్చుక.

"ఏమీ అనలేదు," అన్నాడు బావ. "సరే, వెళ్ళిరా నాన్నా అంది."

ఆయన ఆ బటన్ మీంచి వేలు తియ్యలేదు.